బొడ్డమ్మ బోణీ

ఊళ్లో ఎవరు కొట్టు పెట్టినా, ఆటో కొన్నా, చివరికి కూల్‌డ్రింకుల ఫ్రిజ్ తెచ్చుకున్నా ముందు కబురు బొడ్డమ్మకే వచ్చేది. ఆవిడ చెయ్యి మంచిదని పేరు. ఆవిడ బోణీ చేసిన రోజున గల్లా ఖాళీగా ఉండదని మందస నుంచి సోంపేట దాకా నమ్మేవాళ్లున్నారు. తీరా ఆ చెయ్యి చూస్తే అలా ఏమీ అనిపించదు. వయసంతా కాశీబుగ్గ ఫ్యాక్టరీల్లో జీడిపిక్కలు కోసిన చెయ్యి అది. జీడి రసం తగిలి తగిలి వేళ్లన్నీ నల్లగా కమిలిపోయాయి. రేషన్ డిపోలో వేలిముద్ర మిషను కూడా ఆవిణ్ణి గుర్తుపట్టనని మొరాయిస్తుంది.

అంతటి చెయ్యి ఇంట్లో ఉండగా కోడలు మాధవీలత కొట్టు పెడితే ఇంకేం, బంగారమైపోవాలి కదా! కాలేదు. ఎందుకు కాలేదో చెబితే నవ్వాలో ఏడవాలో తెలియదు. కోడలి కొట్టు ఊళ్లో లేదు, గూగుల్లో ఉంది. తంటా అంతా అక్కడే వచ్చింది.

అసలు కొట్టెందుకంటే, నాగరాజు కోసం. మాధవి మొగుడు, బొడ్డమ్మకి ఒక్కగానొక్క కొడుకు. హైదరాబాదులో సెంటరింగ్ పనికి పోయేవాడు. ఇనుము ముట్టుకుంటే చుర్రుమనే ఎండలో శ్లాబుల మీద పని. ఒళ్లు నొప్పులకి మాత్రలు, మాత్రలేసుకుని మళ్లీ పని. కిందటేడు కాళ్లు పొంగిపోయి ఇంటికొచ్చాడు. పలాస ఆసుపత్రిలో రక్తం తీసి చూశారు. ఉద్దానంలో పుట్టినవాళ్లకి ఆ కాగితంలో ఏముంటుందో వేరే చెప్పాలా?

“కిడ్నీ జబ్బు ఇప్పుడే మొదలైంది. ఎండలో పని మానెయ్, ఆ మాత్రలు మానెయ్. ఇంటి పట్టున నీడన ఉంటే ఏళ్లకేళ్లు ఇలాగే నెట్టుకు రావచ్చు. మళ్లీ శ్లాబు ఎక్కావో, ఈసారి డయాలసిస్ మంచం మీదకే,” అన్నాడు డాక్టరు.

ఇంటి పట్టున ఉండమన్నాడు గానీ ఇల్లు గడిచేదెలాగో, బడికెళ్లే కూతురి ఫీజు ఎవరు కడతారో ఆయనకేం తెలుసు? ఉన్నది చిన్న జీడితోట. పిక్కలు దించి అమ్మితే వ్యాపారి చెప్పిందే ధర. మాధవి ఆలోచించింది. పిక్కలు అమ్మకుండా ఇంట్లోనే ఉడకబెట్టి, కత్తెర మిషను మీద కోసి, పొట్టు తీసి, పప్పుని నేరుగా పట్నంవాళ్లకి అమ్మితే? కోత పనికి అత్త ఉంది, మొగుడు నీడన కూర్చుని విరగని గుండు వేరు, బద్ద వేరు ఏరుకుంటాడు. ఫోన్లో అమ్మకం తను చూసుకుంటుంది. నాగరాజుని పనికి తీసుకెళ్లే మేస్త్రీ గోవిందరావు వచ్చి మాట ఖాయం చేసుకున్నాడు.

“వినాయక చవితి ఎల్లగానే బ్యాచ్ బయల్దేర్తాది. ఈలోగా నీ పప్పు అమ్ముడుపోనాదా, నీ ఇష్టం. లేదంటే బ్యాగు సర్దుకో.”

“అలాగే మావా,” అన్నాడు నాగరాజు. మాధవి ఆ రాత్రి అన్నం తినలేదు. తెల్లారి టెక్కలి బస్సెక్కింది.

టెక్కలిలో బాలకృష్ణ మాస్టారు కంప్యూటర్ కోర్సులు చెబుతాడు. ఇంగ్లీషు మాటలతో మనిషిని బెదరగొట్టడం ఆయనకి చేతకాదు.

“ఎక్కడో విశాఖపట్నంలో ఒకావిడ ఫోన్లో ‘పలాస జీడిపప్పు’ అని అడుగుతుంది. ఆ మాటే కీవర్డ్. సంతలో నీ ఎదురుగా నిలబడి ‘పప్పుందా అమ్మా’ అని అడిగినట్టు. అప్పుడు నీ బోర్డు ఆవిడ కంట పడితే ఇంప్రెషన్. కంట పడినంత మాత్రాన నీకు పైసా ఖర్చు లేదు. దాన్ని నొక్కిందా, క్లిక్. అంటే నీ గుమ్మం ఎక్కింది. గుమ్మం ఎక్కినందుకు నువ్వు డబ్బు కట్టాలి.”

“కొనకపోయినానా సార్?”

“కొన్నా కొనకపోయినా. గుమ్మం ఎక్కి, అటూ ఇటూ చూసి దిగిపోతే బౌన్స్. కొంటే కన్వర్షన్. నీ పొయ్యి వెలిగించేది ఆ చివరిదొక్కటే. మిగిలినవి ఎన్నొచ్చినా సంబరపడిపోకు. ఇంకోటి, రోజుకింత అని బడ్జెట్ గీత గీసుకుంటావు. ఆ డబ్బు అయిపోతే ఆ పూటకి నీ బోర్డు దించేస్తారు. మర్నాడు మళ్లీ కడతారు.”

మాధవికి శుభ్రంగా ఎక్కింది. ఇంటికొచ్చి అత్తకి చెప్పబోయింది.

“ఓలే, కొట్టు కనపడదు, కొనేవోడు కనపడడు. ఎవలికి అమ్ముతావే?” అంది బొడ్డమ్మ.

“ఫోన్లో అడిగితే మన బోర్డు పైనే వత్తాదత్తా. దాన్ని నొక్కితే మన గుమ్మం ఎక్కినట్టే.”

“ఎంతమంది ఎక్కితే అంత మంచిదేటి?”

“మరేటి!” అంది మాధవి, చీర కుచ్చిళ్లకి అంటిన పొట్టు దులుపుకుంటూ.

ఎక్కినవాళ్లకల్లా మనమే ఎదురు డబ్బిస్తామన్న ముక్క మాత్రం మింగేసింది. చెబితే ముసలమ్మ ఊరుకుంటుందా? ‘కొట్టుకొచ్చినోలికి మనం కూలివ్వడవేటే, మతి పోనాదా’ అని వీధంతా ఏకం చేయదూ! పైగా ఆ డబ్బు కొడుకు శ్లాబుల మీద ఒళ్లు కాల్చుకుని దాచినది. అమ్మకాలు మొదలయ్యాక నెమ్మదిగా చెబుదాంలే అనుకుంది. ఇంటింటా కోడళ్లు అత్తలకి ఇలాగే సగం చెప్పి సగం దాస్తారు, ఏ ఇంట్లోనూ కొంప మునగదు. ఈ ఇంట్లో మునిగింది.

యాడ్ పెట్టిన మొదటి రోజు సాయంత్రమే విజయవాడ నుంచి ఎవరో ఒకావిడ రెండు కేజీల గుండు పప్పు తెప్పించుకుంది. నాగరాజు ప్యాకెట్టు మీద టేపు తనే అంటించి, సైకిలు మీద కొరియర్ ఆఫీసుకి తనే పట్టుకెళ్లాడు. వచ్చేటప్పుడు తల్లికి పకోడీలు తెచ్చాడు. ఇంటి పట్టున ఉన్న మొగుడి ముఖం వెలగడం మాధవి ఆ రోజే చూసింది.

తర్వాత మొదలైంది అసలు వింత. క్లిక్కులు పోటెత్తాయి. బోర్డు చూసినవాళ్లలో సగానికి సగం గుమ్మం ఎక్కేస్తున్నారు. మాస్టారికి ఫోన్ చేస్తే “అంత రావడం నేనెప్పుడూ వినలేదమ్మా!” అన్నాడు. మాధవి గాల్లో తేలిపోయింది. కానీ ఒక్కరూ కొనరు. ఎక్కుతారు, దిగిపోతారు. పొద్దున్న కాఫీల వేళకే బడ్జెట్ ఖాళీ. ఇక రోజంతా బోర్డు ఉండదు.

పాపం, ఆ పిల్ల చేయని ప్రయత్నం లేదు. ఫోటోలు బాగోలేవేమోనని మళ్లీ తీసింది. ధర ఎక్కువేమోనని తగ్గించింది. గుమ్మం ఎక్కగానే కనబడే పేజీని, దాన్నే ల్యాండింగ్ పేజీ అంటారట, తిప్పి తిప్పి రాసింది. ఇంకా ఎక్కువమంది వస్తే వాళ్లలో ఒకరైనా కొనరా అని బడ్జెట్ పెంచింది. పెంచినదీ కాఫీల వేళకే హారతి కర్పూరమైపోయింది.

“ఈయేల అమ్ముడుపోనాదా?” అని అడిగేవాడు నాగరాజు, పప్పు చేటలోంచి తలెత్తకుండా.

“బోల్డుమంది వత్తన్నారు బావా. కొనట్లేదు.”

“మన పప్పులో ఏటి లోపం?”

ఏం చెబుతుంది! పప్పులో లోపం లేదు. డబ్బాల్లో మూటల్లో పప్పు అలాగే ఉంది, చవితి దగ్గరపడుతోంది. నాగరాజు అప్పుడే పాత బ్యాగు జిప్పుకి కొబ్బరినూనె రాసుకుంటున్నాడు. అది చూసి మాధవి ఇంక ఉండలేక మళ్లీ టెక్కలి పరిగెత్తింది.

మాస్టారు ఆమె ఖాతా తెరిచి, ఏ ఊళ్లవాళ్లు నొక్కారో చూపించే పేజీ తీశాడు. తీసి, కళ్లద్దాలు సర్దుకున్నాడు.

“మందస, పలాస, కవిటి, సోంపేట… ఇదేంటమ్మా! ఉద్దానంవాళ్లు నీ దగ్గర జీడిపప్పు కొనడమేంటి? వాళ్ల చూరు కిందే ఉంటుంది కదా! ఇవన్నీ పొద్దున్న పూటే. ఒక్కో ఫోన్ నుంచి రోజుకి ఒక్కసారే. ఒకడే పదిసార్లు నొక్కితే దొంగ క్లిక్కని పట్టుకుని డబ్బు వెనక్కిస్తారు. ఇవి దొంగవి కావు. ఎవరో పద్ధతిగా, గుళ్లో గంట కొట్టినట్టు కొట్టి పోతున్నారు.”

మాధవి వెంటనే తిరుగు బస్సెక్కింది. బస్సు నౌపడా దాటేసరికే ఆమెకి అత్త మీద అనుమానం గట్టిపడింది.

మర్నాడు పొద్దున్న మిషను షెడ్డుకి పోకుండా గోడ పక్కన నిలబడింది. ఎదురింటి గౌరీశ్వరి అరుగు మీద అత్త కూర్చుని ఉంది. తల స్నానం చేసి, కుంకం పెట్టుకుని, ఫోను కళ్లకద్దుకుంది. అక్షరం ముక్క రాని మనిషి కదా, మైకు బొమ్మ నొక్కి “పలాసా జీడిపప్పూ” అని దేవుడి పేరు పిలిచినట్టు పిలిచింది. పైన వచ్చినదాన్ని నల్లటి వేలితో నొక్కింది. తెరిచిన పేజీకి దండం పెట్టి మూసేసింది. అరుగు మీదున్న ఆడవాళ్లందరూ వరసగా అదే పని. అది చాలక బొడ్డమ్మ ఫోను నోటి దగ్గర పెట్టుకుని ఊరి వాట్సాప్ గ్రూపులో మాట వదిలింది.

“ఓలమ్మా, ఓరయ్యా, నాను బొడ్డమ్మని. మా నాగరాజు కొట్టుకి బోణీలు సేసినారా? సెయ్యనోలు బేగి సెయ్యండి. అన్నం తినకముందే నొక్కాల.”

మాధవి అక్కడే గోడకి చేరగిలబడింది. తిట్టడానికి నోరు రాదు. ఎవర్ని తిడుతుంది? సొంత పనులు మానుకుని, పరగడుపున, తన మొగుడు ఊళ్లో ఉండాలని ఊరు ఊరంతా నొక్కుతోంది. నొక్కిన ప్రతి నొక్కూ వాణ్ణి రైలు దగ్గరకి తోస్తోంది.

అయినా తెలివితేటలున్న పిల్ల, ఊరుకోలేదు. ముందు ఫోన్లో శ్రీకాకుళం జిల్లాని తీసేసింది. ఇక్కడివాళ్లకి యాడ్ కనబడనే కనబడదన్నమాట. హమ్మయ్య అనుకుంది. రెండు పూటలైనా గడవలేదు, మళ్లీ కాఫీల వేళకే బడ్జెట్ ఖాళీ. ఈసారి హైదరాబాదు, విశాఖపట్నం, చెన్నై, సూరత్, భువనేశ్వర్. అయ్యో రాత! ఉద్దానం ఉద్దానంలో ఎక్కడుంది? వాచ్‌మెన్లుగా, హోటళ్లలో, శ్లాబుల మీద దేశమంతా ఉంది. గ్రూపులో బొడ్డమ్మ గొంతు వినని ఊరు లేదు. కొనేవాళ్లున్న ప్రతి పట్నంలోనూ మనవాళ్లున్నారు. ఆ పట్నాలన్నీ తీసేస్తే పప్పు ఇక సముద్రంలో చేపలకి అమ్ముకోవాలి.

ఉండబట్టలేక గౌరీశ్వరికి చెప్పి చూసింది.

“వదినా, ఇంక మా యాడ్ నొక్కకండి. నొక్కితే మాకే నష్టం.”

గౌరీశ్వరి చేతిలో చేట కింద పెట్టేసింది. “నట్టమా? అంటే మా సెయ్యి సెడ్డదంటావేటి?”

“అది కాదొదినా…”

“మీ అత్త నొక్కితే మంచిదీ, మొగుడు పోయిన దాన్ని నాను నొక్కితే నట్టమా? ఆ మాట సూటిగా సెప్పు! పిల్లలకి గంజి కూడా పొయ్యకుండా ముందు నీ కొట్టుకి నొక్కుతున్నాను గదే!” కళ్లనీళ్లు పెట్టుకుంది. సాయంత్రానికి ఆ మాట ఎన్ని వంకర్లు పోవాలో అన్ని వంకర్లూ పోయింది. మాధవికి గర్వం తలకెక్కిందన్నారు. పోనీ అలిగి నొక్కడం మానేశారా అంటే అదీ లేదు. కోడలి నోరు మంచిది కాకపోతే అత్త ఏం చేసిందని, బొడ్డమ్మ ముఖం చూసి మరీ నొక్కారు.

యాడ్ కోసం దాచిన డబ్బు అడుగంటింది. చవితి వచ్చింది, వెళ్లింది. మాధవి తోటలో మొగుణ్ణి కూర్చోబెట్టి జరిగిందంతా చెప్పింది. నాగరాజు ముందు పగలబడి నవ్వాడు. నవ్వీ నవ్వీ దగ్గొచ్చింది.

“ఆపీయ్. నా ముందరే ఆపీయ్,” అన్నాడు.

మాధవి ఫోన్ తీసి యాడ్ ఆపేసింది. తెర మీద యాడ్ ఆగిందన్న మాట తనూ వంగి చూసుకున్నాడు.

“ఈ సంగతి అమ్మకి సెప్పకు మాధవీ. తన సేత్తో నన్ను పంపీసిందని తెలిత్తే అది బతకదు.”

“నువ్వెల్లకు బావా! నీ కాళ్లట్టుకుంటాను. డాక్టరు ఏటన్నాడో మర్సిపోనావా?”

“పిల్లదాని ఫీజు కట్టాల. కూకుంటే ఎవలు పెడతారు?” అన్నాడు. అంతే.

పలాస స్టేషన్లో గోవిందరావు బ్యాచ్ మూటలతో దిగబడింది. బొడ్డమ్మ కొడుకు చెంపలు రెండు చేతులతో పట్టుకుంది. “నా సెయ్యి అందరికీ ఆడినాది, నా ఇంటికే ఆడనేదు రా నాయనా,” అని బావురుమంది. నాగరాజు పెళ్లాం వైపు ఒక్క చూపు చూశాడు, చెప్పొద్దని. మాధవి పెదవి కొరుక్కుని నిలబడింది. రైలు వెళ్లిపోయింది.

ఆ తర్వాత బొడ్డమ్మ ఎవరి బోణీకీ వెళ్లలేదు. పిలవడానికొచ్చినవాళ్లని గుమ్మంలోంచే పంపేసేది. అయినా పొద్దున్నే స్నానం చేసి ఆ మైకు బొమ్మ నొక్కడం మాత్రం మానలేదు. కొడుకు రోజూ పనికెక్కే ముందు ఫోన్ చేస్తాడు కదా, వాణ్ణీ వదల్లేదు. “బోణీ సేసినావురా?” అని అడగడం, “సేసినానమ్మా,” అని వాడనడం. తల్లీకొడుకుల పలకరింపు అక్కడే మొదలయ్యేది.

నాగరాజు మొదటి కూలి డబ్బులు పంపాడు. వెంట ఒక మాట పంపాడు, మళ్లీ యాడ్ పెట్టమనీ, అమ్మకి మాత్రం చెప్పొద్దనీ. మాధవి ఆ మాట ఎన్నిసార్లు విందో! ఆ రెండూ కలిసి జరిగేవి కావు. అత్తకి చెప్పకుండా యాడ్ పెడితే మొగుడి నెత్తురు పొద్దున్నే ఊరందరికీ పంచిపెట్టినట్టే. యాడ్ పెట్టకపోతే వాడు శ్లాబు దిగడు. ఏడ్చి ఏడ్చి చివరికి తెగించింది. అత్త బాధపడితే పడింది, మొగుడు బతకాలి.

పొద్దున్న పొట్టు తీస్తూ కూర్చున్న బొడ్డమ్మ ముందు చతికిలబడింది.

“అత్తా, ఒక మాట సెప్పాల. తప్పంతా నాది. నీకు అప్పుడు సగమే సెప్పినాను.”

మిగతా సగం చెప్పింది. నొక్కిన ప్రతిసారీ మనమే కట్టాలని, అలా కట్టి కట్టి డబ్బు అయిపోయిందని, అసలు కొనేవాళ్ల కంట బోర్డు పడనే లేదని. బొడ్డమ్మ చేట పక్కన పెట్టి వింది. ఆవిడకి అర్థం కానిదేమీ లేదు. ఇంత తేలిక సంగతి మొదటి రోజే చెప్పి ఉంటే అప్పుడూ అర్థమయ్యేది.

“అంటే నా కొడుకుని నానే రైలెక్కించినాను.”

“తప్పు నాదత్తా. నిజంగా నాదే.”

“మరి నాను ఇప్పుటికీ నొక్కుతన్నాను కదే! ఇప్పుడూ పోతన్నాయా డబ్బులు?”

“లేదత్తా. మనది ఆపీసినాం. బావ ఊరెల్లకముందే ఆపీసినాం. ఇప్పుడు పైన వచ్చేది ఇంకెవలిదో. మనది కనపడదు, నొక్కడానికి లేదు.”

“ఆపినట్టు ఆడికి తెల్సా?”

“దగ్గరుండి ఆపించినాడు.”

బొడ్డమ్మ ఒళ్లో పొట్టు దులుపుకుంది. ఏదో అడగబోయింది. ఈలోగా ఫోన్ మోగింది. నాగరాజే, పనికెక్కే వేళ. మాధవి తీయబోతే ఆవిడే లాక్కుని, పెద్దగా వినబడేలా పెట్టింది. వెనకాల ఇనుప కడ్డీల చప్పుడు.

“అమ్మా, బోణీ సేసీసినానే. ఇప్పుడే నొక్కినాను,” అన్నాడు నాగరాజు. గొంతులో హుషారు.

ఆపేసిన యాడ్‌ని నొక్కానంటున్నాడు! బొడ్డమ్మ కోడలి ముఖం చూసింది. మాధవి తల తిప్పుకుంది.

“మంచి పని సేసినావు నాయనా,” అంది బొడ్డమ్మ. “కాళ్లెలాగున్నాయిరా?”

“వాపు తీసీసిందమ్మా. అసలు లేదు. సుబ్బరంగా ఉన్నాను.”

“ఆకలౌతందా?”

“ఔతందమ్మా. బాగా తింటన్నాను.”

“సరే నాయనా. నీళ్లు తాగుతుండు.”

ఫోన్ పెట్టేసింది. నల్లటి వేళ్లతో కోడలి చెయ్యి గట్టిగా పట్టుకుంది.

“ఓలే మాధవీ, ఆడి కాళ్లు పొంగిపోనాయే,” అంది.